కొత్త జైలు కడితే ఎంతవుతుంది, ఎంతమంది పడతారు? తిరుపతి, చిత్తూరుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయింది. అప్పటి నుంచి కోర్టు దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "కలెక్టరాఫీసు వచ్చె, ఎస్పీ ఆఫీసు వచ్చె, పెద్ద జైలు ఎప్పుడొస్తాది సార్?" అడిగేవాళ్లలో సగం మందికి లోపల మనిషి ఉంటాడు, మిగతా సగం మందికి ఊరి చివర ప్లాటు ఉంటుంది. ఇద్దరి ప్రశ్నలూ ఇక్కడే పెట్టాను. నేను వకీలును. ఉచిత న్యాయ సహాయం పని మీద జైళ్లకు పోయి వస్తుంటాను కాబట్టి గోడకు లోపలి పక్క సంగతులు కూడా కొంత తెలుసు.

సబ్ జైలు, జిల్లా జైలు, సెంట్రల్ జైలు... అన్నీ జైళ్లే కదా, తేడా ఏంటి?

తిరుపతిలో ఉన్నది సబ్ జైలు, చిత్తూరులో ఉన్నది జిల్లా జైలు. సబ్ జైల్లో ఉండేది దాదాపుగా రిమాండ్ వాళ్లే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. పెద్ద శిక్ష పడితే కడపకో నెల్లూరుకో పంపిస్తారు. రాష్ట్రంలో సెంట్రల్ జైళ్లు నాలుగు: రాజమండ్రి, విశాఖపట్నం, నెల్లూరు, కడప. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి కట్టేదీ నడిపేదీ రాష్ట్రమే. కేంద్రం అప్పుడప్పుడు ఏదో ఒక పథకం పేరుతో డబ్బు ఇస్తుంది.

'కెపాసిటీ ఇంత' అని రాస్తారే, అది ఎవరు ఎలా లెక్కేస్తారు?

నేల కొలిచి. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో పడుకునే ఒక్కో మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలి. మన కొలతలో 40 చదరపు అడుగులు, అంటే 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. చాప పరిచి, తల దగ్గర సంచి పెట్టుకుంటే ఇంక కాలు చాపే చోటే మిగులుతుంది. విడి సెల్ అయితే 8.92 చదరపు మీటర్లు. ఒక బ్యారక్‌లో 20 మందికి మించకూడదని కూడా అదే మాన్యువల్ చెబుతుంది.

ఇందులో ఒక కిటుకుంది. 20 మందికి సరిపోయే బ్యారక్ దాదాపు 74 చదరపు మీటర్లు. రేపు ఎవరో మనిషికి రెండున్నర చదరపు మీటర్లు చాలని కాగితం మీద రాస్తే అదే గదిలో 30 మందికి 'చోటు' పుడుతుంది. ఒక్క ఇటుక కూడా పెట్టనక్కర్లేదు. అందుకే 'సామర్థ్యం పెంచాం' అనే వార్త చదివినప్పుడు నేను మొదట చూసేది కొత్త గది కట్టారా, కొలబద్ద మార్చారా, లేక పని నేర్పే షెడ్డునే బ్యారక్ చేశారా అని. మూడోది బయటికి కనిపించదు. ఖైదీ వడ్రంగమో నేతో నేర్చుకునే చోటు పోయి పడుకునే చోటు వస్తుంది, లెక్కల్లో మాత్రం జైలు పెద్దదైనట్టే ఉంటుంది.

నిండిపోతే కొత్తవాళ్లను తీసుకోరా?

తిరుపతి లాడ్జీ మేనేజరు రూములు లేవని చెయ్యి ఊపేస్తాడు. జైలు సూపరింటెండెంటు ఊపలేడు. రిమాండ్ వారంటు పట్టుకుని ఎస్కార్టు పోలీసులు గేటు దగ్గర నిలబడితే తీసుకోవాల్సిందే. రాత్రికి చాపలు దగ్గర దగ్గరగా జరుగుతాయి, అంతే. వేరే జైలుకు మార్చాలంటే మళ్లీ ఆర్డరు, మళ్లీ ఎస్కార్టు.

దేశం మొత్తానికి 2022 చివరి లెక్క ఇది: 1,330 జైళ్లు, 4,36,266 మందికి చోటు, లోపల ఉన్నది 5,73,220 మంది. నూటికి 131 మంది. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. ఆంధ్రప్రదేశ్ మొత్తాన్ని కలిపి లెక్క తీస్తే మాత్రం నూరు శాతం లోపే ఉంటుంది. అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఒక సబ్ జైల్లో సగం ఖాళీగా, ఇంకో జైల్లో కిక్కిరిసి ఉన్నా సగటు చక్కగానే కనిపిస్తుంది. పక్క జిల్లాలో ఖాళీగా ఉన్న చాప మీద మనవాడు పోయి పడుకోలేడు, వాయిదా ఇక్కడి కోర్టులో కదా.

ఈ మధ్య కొత్తగా తెరిచిన జైళ్లలో ఒక్కో పడకకు ఎంతయింది?

లెక్కలు తేటగా దొరికేది ఇంగ్లండు, వేల్సులో. వేల్సులోని బెర్విన్ జైలు 2017లో తెరిచారు. దాదాపు 25 కోట్ల పౌండ్లు, 2,106 మందికి చోటు. 2022లో ఫైవ్ వెల్స్: 25.3 కోట్ల పౌండ్లు, దాదాపు 1,700 మంది. 2023లో ఫాస్ వే: 28.6 కోట్ల పౌండ్లు, 1,715 మంది. 2025 మార్చిలో మిల్‌సైక్: దాదాపు 40 కోట్ల పౌండ్లు, 1,500 మంది. పౌండును చేతి లెక్కకు 100 రూపాయలనుకుంటే పడక ధర బెర్విన్‌లో కోటీ 19 లక్షలు, ఫైవ్ వెల్స్‌లో కోటిన్నర, ఫాస్ వేలో కోటీ 67 లక్షలు, మిల్‌సైక్‌లో రెండు కోట్ల 67 లక్షలు. ఎనిమిదేళ్లలో రెట్టింపు దాటింది. తిరుచానూరు రోడ్డులో ఆ డబ్బుకు ఏమొస్తుందో మా ప్లాట్ల మిత్రులే చెప్పాలి.

అమెరికాలో యూటా రాష్ట్రం 2022లో తెరిచిన జైలుకు వంద కోట్ల డాలర్లు దాటింది. చోటు 3,600 మందికి.

ఇంక మన పక్కింటి ఉదాహరణ పుళల్. సత్యవేడు మీదుగా మద్రాసుకు పోయేవాళ్లకు రెడ్‌హిల్స్ దాటగానే ఆ గోడ తెలుసు. 2006లో 212 ఎకరాల్లో, 77 కోట్ల రూపాయలతో, 3,000 మంది కోసం కట్టారు. పడకకు రెండున్నర లక్షల పైచిల్లర. ఇరవై ఏళ్ల కిందటి రూపాయలని మరిచిపోకండి.

కోటిన్నర ఎక్కడ, రెండున్నర లక్షలెక్కడ? అంత తేడా ఎలా వస్తుంది?

కూలి, భూమి, సిమెంటు రేట్లు కొంత కారణం. అసలు కారణం గదిలో ఎంతమందిని పెడతారన్నది. ఫైవ్ వెల్స్‌లో కిటికీలకు ఊచలు కూడా లేవు, పగలని అద్దం బిగించారు. పని నేర్పే షెడ్లు, తరగతి గదులు లోపలే ఉన్నాయి.

రెండో కొస చూడాలంటే ఎల్ సాల్వడార్‌కు పోవాలి. 2023లో తెరిచిన సెకోట్ జైలుకు దాదాపు 11.5 కోట్ల డాలర్లయింది, 40,000 మంది పడతారని అక్కడి ప్రభుత్వం చెప్పుకుంది. డాలరు 80 రూపాయలనుకుంటే పడకకు రెండు లక్షల 30 వేలు. చవకే! ఆ చవక ఎలా వచ్చిందో చూడండి. ఎనిమిది బ్లాకులు, ఒక్కో దాంట్లో 32 సెల్స్, మొత్తం 256. 40,000ను 256తో భాగిస్తే సెల్‌కు 156 మంది. సెల్ దాదాపు 100 చదరపు మీటర్లు. పరుపుల్లేని ఇనప మంచాలు నాలుగు అంతస్తులుగా వేశారు. 156 మందికి రెండు మరుగుదొడ్లు. మన మాన్యువల్ కొలతతో అదే గదిలో 27 మందికి లెక్క కుదురుతుంది, 20 దాటొద్దనే నియమం పెడితే 20 మందే. అదే గదికి ఇరవై అని రాస్తే పడక ధర దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. 'తక్కువ ఖర్చుతో ఎక్కువ సామర్థ్యం' అని ఎవరైనా పొగిడితే ఈ భాగహారం చేసి చూపించండి.

మన దేశంలో కొత్త జైళ్ల మీద ఎంత పెట్టారు?

2002లో కేంద్రం ఒక పెద్ద పథకం మొదలుపెట్టింది. 27 రాష్ట్రాలకు 1,800 కోట్లు, కేంద్రం మూడొంతులు, రాష్ట్రం ఒక వంతు. 2009లో ముగిసేసరికి 119 కొత్త జైళ్లు, పాత జైళ్లలో 1,572 అదనపు బ్యారక్‌లు, సిబ్బందికి 8,568 క్వార్టర్లు వచ్చాయి. 1,800ను 119తో భాగించి జైలుకు 15 కోట్లు అని చెప్పేవాళ్లున్నారు. తప్పు. ఆ డబ్బులో బ్యారక్‌లూ క్వార్టర్లూ కూడా ఉన్నాయి.

2021 నుంచి 2026 వరకు నడిచిన ఆధునికీకరణ పథకానికి 950 కోట్లు. అది ఎక్కువగా భద్రతా పరికరాలకు, వీడియో సౌకర్యాలకు.

అంచనాలో బ్యారక్ కాకుండా ఇంకేముంటాయి?

బ్యారక్ చవకైన భాగం. చుట్టుగోడ, కాపలా టవర్లు, గేటు గదులు, వంటశాల, ఆసుపత్రి గది, ములాకత్ గది, వీడియో వాయిదాల గది, బోర్లు, మురుగు శుద్ధి, జనరేటరు, సిబ్బంది క్వార్టర్లు, రోడ్డు. ఇరవై మందికి కట్టినా రెండు వందల మందికి కట్టినా గేటు ఒకటే కావాలి, టవర్లు అవే కావాలి. అందుకే చిన్న జైలులో పడక ధర ఎక్కువ పడుతుంది, పెద్దదాన్ని కట్టాలనే ఆశ పుడుతుంది. పెద్దదాంతో వేరే తంటా, దాన్ని కింద చెబుతాను.

కట్టేశాక ఏటా అయ్యే ఖర్చు?

అసలు బిల్లు అక్కడే ఉంది. కట్టడం ఒక్కసారి, జీతం ప్రతి నెలా. 2019-20లో దేశంలోని జైళ్ల బడ్జెట్టు 6,818 కోట్లు, ఖర్చయింది 5,958 కోట్లు. అందులో ఖైదీల మీద నేరుగా పెట్టింది 2,061 కోట్లు, అంటే మూడో వంతు పైచిల్లర. దాంట్లో సగానికి కాస్త తక్కువ తిండికి, వైద్యానికి నూటికి నాలుగు రూపాయలు. చదువు, చేతిపని కలిపి నూటికి రూపాయి చిల్లర. 'మన పన్నులతో వాళ్లను మేపుతున్నారు' అనేవాళ్లు ఈ చివరి అంకె ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఇంగ్లండులో ఒక్క ఖైదీ చోటుకు ఏడాదికి 50 వేల పౌండ్లు దాటుతుంది. ఫైవ్ వెల్స్‌లో మూడేళ్లు నడిపితే కట్టిన డబ్బంత మళ్లీ అయిపోయినట్టే.

మనకు నమూనా మాన్యువల్ చెప్పిన సిబ్బంది: ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా మనిషి, 300 మందికి ఒక డాక్టరు, 200 మందికి ఒక దిద్దుబాటు అధికారి, 500 మందికి ఒక మానసిక నిపుణుడు. 500 మంది జైలుకు కాపలావాళ్లే 83 మంది కావాలి. కట్టడానికి టెండరు పిలిచినంత సులువుగా వార్డర్ల నియామకాలు జరగవు. బెర్విన్‌లో భవనం ఎప్పుడో సిద్ధమైంది, రెండేళ్ల తర్వాత కూడా చాలా పడకలు ఖాళీగానే ఉన్నాయి. ఖైదీలకు పని ఇచ్చే షెడ్లు సమయానికి తయారుకాలేదు, సిబ్బందిలో చాలామంది కొత్తవాళ్లు. భవనం లేచినంత మాత్రాన జైలు లేచినట్టు కాదు.

కొత్తది కడితే ఇరుకు తగ్గుతుందా?

తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం సులువు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు చూడండి. కంపార్టుమెంట్లన్నీ నిండి లైను శిలాతోరణం దాకా వచ్చిందని పేపర్లో పడుతుంది. ఇంకో పది కంపార్టుమెంట్లు కడితే దర్శనం తొందరగా అవుతుందా? కాదు, ఎండలో నిలబడేవాళ్లు నీడలో కూర్చుంటారు. అదీ మంచిదే. కానీ లైను కదిలేది గర్భగుడి ముందు గంటకు ఎంతమంది సాగుతున్నారన్న దాన్నిబట్టే.

జైలు కూడా అంతే. రోజుకు పదిమంది రిమాండ్‌కు వస్తున్నారనుకుందాం. ఒక్కొక్కరు సగటున 30 రోజులుంటే ఎప్పుడు చూసినా లోపల 300 మంది. అదే 45 రోజులైతే 450. నేరాలు పెరగలేదు, అరెస్టులు పెరగలేదు, ఒక్క మనిషి ఎక్కువ రాలేదు. బెయిలు కాగితం పదిహేను రోజులు ఆలస్యమైంది, 150 పడకలు అదనంగా కావాల్సి వచ్చాయి. ఫైవ్ వెల్స్ రేటున 225 కోట్లు.

అనుభవం కూడా ఇదే చెబుతుంది. మన దేశంలో 2021 చివరి నుంచి 2022 చివరికి జైళ్లలో 10,657 చోట్లు పెరిగాయి. ఖైదీలు 19,186 మంది పెరిగారు. ఇంగ్లండులో 20,000 చోట్లు కడతామని పెట్టుకున్న లెక్క 520 కోట్ల పౌండ్ల నుంచి 940-1,010 కోట్ల పౌండ్లకు పాకిందనీ, పని 2031 దాకా సాగుతుందనీ అక్కడి ఆడిట్ సంస్థ 2024 డిసెంబరులో తేల్చింది. అంతకు మూడు నెలల ముందే, సెప్టెంబరు 10న, చోటు చాలక చాలామందికి శిక్షలో 40 శాతం పూర్తవగానే వదిలేయడం మొదలుపెట్టారు. మొదటి రోజే దాదాపు 1,700 మంది బయటికొచ్చారు.

కొత్త జైలు వద్దని నేను అనడం లేదు. కొన్ని పాత సబ్ జైళ్ల గోడలు చూస్తే కొత్తది కావాల్సిందే అనిపిస్తుంది. కానీ ఇరుకుకు మందు అదే అంటే ఒప్పుకోను.

మన దగ్గర రిమాండ్ వాళ్లు అన్ని రోజులు ఎందుకుంటారు?

ఎర్రచందనం కేసులు తీసుకోండి. శేషాచలం కొండల్లో పట్టుబడేవాళ్లలో చాలామంది తిరువణ్ణామలై, వేలూరు పక్క నుంచి, జవ్వాది కొండల నుంచి వచ్చిన కూలీలు. దుంగలు కొనేవాడు ఎక్కడో ఉంటాడు, గొడ్డలి పట్టినవాడు లోపలుంటాడు. బెయిలు రావడం ఒక ఎత్తు, వచ్చిన బెయిలును వాడుకోవడం ఇంకో ఎత్తు.

ఒకసారి సబ్ జైలు గేటు బయట ఒకామె కనిపించింది. చేతిలో వైరు బుట్ట, అందులో అరిటాకులో కట్టిన ఇడ్లీలు. బయటి తిండి లోపలికి పోనివ్వరని ఆమెకు అప్పుడే తెలిసింది. జాకెట్టులో నుంచి తమిళ దినదర్శిని కాగితం ఒకటి తీసి చూపించింది. మొగుణ్ణి రిమాండ్ చేసిన రోజది, నీలం పెన్నుతో సున్నా చుట్టి ఉంది. మడతల దగ్గర చిరిగిపోయి, అంకె మాత్రం మిగిలింది. "బెయిలు కెడచ్చిడుచ్చు అయ్యా, ఆళు దా ఇల్ల" అంది. బెయిలు దొరికింది, మనిషే దొరకలేదు.

మనిషంటే ష్యూరిటీ. ఇరవై వేల చొప్పున ఇద్దరు జామీను నిలబడాలి. ఇంటి పన్ను రసీదో పాస్ పుస్తకమో ఉండాలి. ఆమె అన్నకు ఊళ్లో ఎకరా నేల ఉంది, దాని చిట్టా (తమిళనాడులో భూమి కాగితం) తెచ్చింది. కాగితాలు చూసే గుమాస్తా తమిళ చిట్టా వెనక్కి నెట్టి "లోకల్ ష్యూరిటీ పట్టుకురా" అన్నాడు. తిరుపతిలో ఆమెకు తెలిసిన మనిషి బస్టాండులో పూలమ్మే ఆడమనిషి ఒక్కతే. డబ్బుకు జామీను నిలబడే కిరాయి మనుషులు కోర్టుల చుట్టూ ఉండనే ఉంటారు. వాళ్ల కాగితాలు దొంగవని తేలితే అది ఇంకో కేసు. ఆ షరతు మార్పించి, సొంత పూచీకత్తు మీద అతణ్ణి బయటికి తెచ్చేసరికి బెయిలు ఆర్డరు వచ్చి 41 రోజులు. నలభై ఒక్క రాత్రులు ఒక చాప, రెండు పూటల అన్నం, ఒక కాపలా మనిషిలో ఆరో వంతు.

వేరే ఊరివాడు జామీను ఉండకూడదని చట్టమా?

కాదు. 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి పదివేల ష్యూరిటీ అడిగారు. అన్న ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసేశారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. మళ్లీ 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది: బెయిలు ఆర్డరును ఆ రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెల రోజుల్లో ష్యూరిటీ పెట్టలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టే చూడవచ్చు. లోకల్ ష్యూరిటీ పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమనీ, అలాంటి చోట ఆ షరతు పెట్టకపోవచ్చనీ అందులోనే ఉంది. ఈ కాగితం ఒక కాపీ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

డబ్బు లేక ఆగిపోయినవాళ్లకు ప్రభుత్వం కడుతుందా?

కడుతుంది. 2023లో కేంద్రం పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది. మొదలుపెట్టినప్పటి లెక్క ప్రకారం విచారణ ఖైదీ బెయిలుకు 40 వేల దాకా, శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఉండిపోయినవాడికి 25 వేల దాకా. అప్పట్లో ఏటా 20 కోట్లు కేటాయింపు. కొత్త పడక ధర పక్కన ఈ 40 వేలు పెట్టి చూడండి. జిల్లా స్థాయిలో ఒక కమిటీ పేరు ఖరారు చేస్తుంది. తీవ్రమైన కొన్ని చట్టాల కేసులకు వర్తించదు.

సగం శిక్ష కాలం ఉంటే వదిలేస్తారంటారే?

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం రిమాండ్‌లోనే గడిపేస్తే బెయిలు. ఇంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు లేదు. అర్హత రాగానే కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకూ మూడో వంతు నియమం పనికొస్తుందని ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మెలిక ఒకటుంది. ఒకటి కన్నా ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే ఈ సౌకర్యం లేదు. అడవి కేసుల్లో ఒక్క మనిషి మీద రెండు మూడు ఉండడం మామూలే. ఒకదాంట్లో బెయిలు వచ్చేలోపు ఇంకోదాంట్లో పీటీ వారంటు వస్తుంది, అంటే లోపలున్న మనిషిని ఆ కేసులో కూడా కోర్టుకు తెమ్మనే ఆర్డరు. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెడితే ఏడాది దాకా విచారణే లేకుండా ఉంచవచ్చు.

జైలు ఊరి బయట కడితే నష్టమేంటి? ఊళ్లో స్థలం మిగులుతుంది కదా?

మిగులుతుంది. విశాఖలో పాత జైలు స్థలం ఇప్పుడు పార్కు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం ఖాళీ చేయించారు. మద్రాసు పాత జైలు పోయి పుళల్ వచ్చింది. ఊరి నడిబొడ్డున ఎకరాల స్థలం చూస్తే ఎవరికైనా కన్ను పడుతుంది.

దూరమైన కొద్దీ ఖర్చు జైలు పద్దులో నుంచి పోలీసు పద్దులోకి, పోలీసు పద్దులో నుంచి ఖైదీ ఇంటి పద్దులోకి జారుతుంది. ప్రతి వాయిదాకు వ్యాను, డీజిలు, ఎస్కార్టు. ఎస్కార్టు దొరక్కపోతే వాయిదా వాయిదా పడుతుంది, అంటే ఇంకో పదిహేను రోజుల చాప. వీడియోలో హాజరు వేయడం కొంత నయం. కానీ వకీలుతో చెవిలో మాట చెప్పుకోవాలంటే వీడియో పనికిరాదు. ములాకత్‌కు వచ్చేవాళ్లకు బస్సు దిగాక ఆటో ఎంతన్నది అంచనా వేసిన ఇంజనీరు లెక్కలో ఉండదు. పెద్ద జైలు తంటా అన్నది ఇదే. నాలుగు ఊళ్ల సబ్ జైళ్లు మూసి ఒక్కచోట కడితే పడక చవకవుతుంది, మనిషి దూరమవుతాడు.

మా ప్లాట్ల పక్కన జైలొస్తే రేటు పడిపోతుందా?

నేను రియల్ ఎస్టేటు చెప్పను. ఒకటి మాత్రం చూసుకోండి: జైలు గోడ చుట్టూ కొంత దూరం వరకు కట్టడాలు ఉండకూడదని మాన్యువల్ చెబుతుంది. ప్లాన్ అప్రూవల్ లేకుండా గోడ పక్కన కొనకండి.

ఆడవాళ్లకు, పిల్లలకు?

మహిళల ప్రత్యేక జైళ్లు రాజమండ్రిలో, కడపలో ఉన్నాయి. మిగతాచోట్ల వేరు బ్లాకో గదో. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో ఉండవచ్చు. 2006లో సుప్రీంకోర్టు ఈ పిల్లల తిండి, చదువు, వైద్యం మీద ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ పేరున్న కేసులోనే, ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఏపీ. కెపాసిటీ అంకెలో ఆ పిల్లలు లెక్కకు రారు. ఉయ్యాల కట్టుకునే కొక్కెం కూడా ఎవరి అంచనాలోనూ నేను చూడలేదు.

ప్రైవేటువాళ్లకు ఇస్తే చవకవుతుంది కదా?

మన దేశంలో ప్రైవేటు జైలు లేదు. ఇంగ్లండు, వేల్సుల్లో పైన చెప్పిన వాటిలో బెర్విన్ తప్ప మిగతా మూడూ కంపెనీలే నడుపుతున్నాయి. ధరలు పైన రాశాను, చవకో కాదో మీరే చూసుకోండి.

ఓపెన్ జైలు అంటే ఏంటి? తక్కువలో అయిపోతుందా?

నమ్మకం కుదిరిన ఖైదీలను గోడ లేకుండా ఉంచే చోటు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో మనకు పాతదే ఒకటుంది, వ్యవసాయం చేయిస్తారు. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో ఖైదీలు పెళ్లాం పిల్లలతో ఉంటూ బయట పనికి పోయి సంపాదించుకుంటారు. గోడా టవరూ అక్కర్లేదు, కాపలా కొద్దిమంది చాలు, కాబట్టి పడక ధర పడిపోతుంది. 2022 చివరికి దేశంలో ఇవి 91. చిక్కేమిటంటే వీటిలోకి పోయేది శిక్ష పడినవాళ్లు. మన ఇరుకంతా రిమాండ్ వాళ్లది.

మావాడు లోపలున్నాడు. లాయరుకు డబ్బుల్లేవు. ఎక్కడికి పోవాలి?

కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోనైతే 15100, పైసా కట్టనక్కర్లేదు. కస్టడీలో ఉన్నవాడికి ఉచిత వకీలు హక్కు. ఆదాయం ఎంతని అడగరు. పోయేటప్పుడు క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సెక్షన్లు రాసుకుపోండి. తెలియకపోతే ఎఫ్ఐఆర్ కాపీ చాలు, దాంట్లో అన్నీ ఉంటాయి. బెయిలు వచ్చి ష్యూరిటీ దగ్గర ఆగిపోతే ఆ ఆర్డరు కాపీ కూడా పట్టుకుపోండి. వేరే కేసులేమైనా ఉంటే దాచొద్దు. దాస్తే మాకు పీటీ వారంటు వచ్చిన రోజే తెలుస్తుంది. ఏ కాగితమూ దొరక్కపోయినా రిమాండ్ చేసిన తేదీ ఒక్కటి రాసుకోండి, క్యాలెండరు మీదైనా సరే. 479 లెక్క పట్టడానికి మాకు మొదట కావాల్సింది అదే.